తీగ తెగకముందే!

అనంతపురం జిల్లా బొమ్మనహాళ్ మండలం కర్ణాటక సరిహద్దును, బళ్ళారి జిల్లాను ఆనుకుని ఉంటుంది. ఆ మండలంలోని దర్గా హొన్నూరులో 2022 నవంబర్ 2న పొలం కూలీలు ఉన్న ట్రాక్టర్ మీద హైటెన్షన్ తీగ తెగిపడింది. నలుగురు మహిళలు ప్రాణాలు కోల్పోయారు. అదే ఏడాది జూన్ 30న తాడిమర్రి మండలం చిల్లకొండయ్యపల్లి దగ్గర కూలికి వెళుతున్న మహిళల ఆటో మీద ఇలాగే తీగ పడి ఐదుగురు కాలి బూడిదయ్యారు. సద్దిమూట కట్టుకుని తెల్లారగానే ఇల్లు దాటిన ఆడవాళ్ళు మళ్ళీ గడప తొక్కలేదు. చిల్లకొండయ్యపల్లి ఘటనకు ఉడుత కారణమని అధికారులు చెప్పారు. ఉడుతలు, కాకులు, గాలివానలు తీగలున్నంత కాలం ఉంటాయి. ఉడుత ఎక్కితే తెగిపోయే తీగ కింద జనాన్ని తిరగనిస్తున్నది ఎవరన్నదే అసలు ప్రశ్న.

ఇది ఒక్క ఆంధ్ర గోడు కాదు. ఒడిశాలో బరంపురానికి దగ్గరలోని గొళంతరా ప్రాంతంలో 2020 ఫిబ్రవరి 9న నిశ్చితార్థానికి వెళుతున్న బస్సుకు 11 కేవీ తీగ తగిలింది. కనీసం తొమ్మిది మంది చనిపోయారు, ఇరవై మందికి పైగా గాయపడ్డారు. తమిళనాట తంజావూరు దగ్గర కళిమేడులో 2022 ఏప్రిల్ 27 తెల్లవారుజామున ఊరేగుతున్న రథానికి హైటెన్షన్ తీగ తగిలి పిల్లలతో సహా 11 మంది బలయ్యారు. బెంగళూరు వైట్‌ఫీల్డ్ ప్రాంతంలో 2023 నవంబర్ 19న చీకటి విడవకముందే ఫుట్‌పాత్ మీద తెగిపడి ఉన్న తీగను తొక్కి ఒక యువతి, ఆమె చంకలోని తొమ్మిది నెలల పాప చనిపోయారు. పల్లె, పట్నం, పొలం, గుడివీధి అన్న తేడా లేదు. రాష్ట్రాలు వేరు, కరెంటు సంస్థలు వేరు, ఏడుపు మాత్రం ఒక్కటే.

ప్రతి దుర్ఘటన తర్వాతా జరిగే తంతు అందరికీ తెలిసిందే. మంత్రులు వస్తారు, పరిహారం ప్రకటిస్తారు, ఒకరిద్దరు ఉద్యోగులు సస్పెండ్ అవుతారు. పడిపోయిన తీగను కట్టి లైను ఛార్జ్ చేస్తారు. పక్క ఫర్లాంగులో అంతే వదులుగా వేలాడే మరో తీగ జోలికి ఎవరూ పోరు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

ఈ ఘటనలకు కారణాలు ఒక్కటే కాకపోవచ్చు. ఒకచోట తీగ తెగింది, ఇంకోచోట వాహనం తగిలింది. అయితే కరెంటు తీగ ముప్పుకు, పిడుగుకు ఒక తేడా ఉంది. పిడుగు చెప్పి రాదు. తీగ మాత్రం చాలాసార్లు ముందుగానే కనిపిస్తుంది. వంగిన స్తంభం, వదులైన తీగ, చెట్టుకొమ్మకు రాసుకుని రాత్రిళ్ళు నిప్పులు రాలే చోటు, అతుకుల మీద అతుకులు పడిన పాత తీగ, ఇవన్నీ ఊళ్ళో చిన్నపిల్లవాడికి కూడా తెలుసు. అటుగా వెళ్ళేటప్పుడు తల వంచుకుని నడవడం అలవాటైపోయిన ఊళ్ళు ఎన్నో. ఊరందరికీ తెలిసిన ఆ సంగతి ఆఫీసు రిజిస్టరులో మాత్రం ఉండదు. లోపం అక్కడుంది.

తీగ ఎందుకు జారుతుందో తెలిస్తే నిర్లక్ష్యం ఎంత ఖరీదైనదో అర్థమవుతుంది. స్తంభాల మీద వెళ్ళేవి ఎక్కువగా పైతొడుగు లేని అల్యూమినియం తీగలు. ఎండకు, మోసే లోడుకు వేడెక్కి సాగుతాయి. 60 మీటర్ల దూరంలో ఉన్న రెండు స్తంభాల నడుమ తీగ పొడవు ఐదు సెంటీమీటర్లు పెరిగితే చాలు, మధ్యలో సుమారు అర మీటరు కిందికి దిగుతుంది. అంటే వేలెడంత సాగితే మూరెడు జారుతుంది. నల్లరేగడి నేలలో వానకు పునాది మెత్తబడి స్తంభం కాస్త పక్కకు ఒరిగినా ఇదే ఫలితం. కొన్నిచోట్ల తీగ దిగదు, నేలే పైకి లేస్తుంది. రోడ్డు మీద రోడ్డు వేస్తూ పోతారు, సిమెంటు రోడ్డు ఇంకో జానెడు పెరుగుతుంది. స్తంభం మాత్రం పాతదే. రోడ్డు వేసిన శాఖ కరెంటు శాఖకు చెప్పదు, కరెంటు శాఖ వచ్చి కొలవదు. ఎవరికి వారే యమునా తీరే.

ఎంత ఎత్తు ఉండాలన్నది ఎవరి ఇష్టమూ కాదు, అది చట్టం చెప్పిన లెక్క. 1956 నాటి భారత విద్యుత్ నిబంధనలు, తర్వాత కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010లో తెచ్చిన భద్రతా నిబంధనలు ఈ కొలతలను స్పష్టంగా రాశాయి. వీధిని అడ్డంగా దాటే మామూలు లైను నేలకు 5.8 మీటర్లు, అంటే 19 అడుగుల ఎత్తున ఉండాలి. 11 కేవీ లైనైతే 6.1 మీటర్లు, అంటే 20 అడుగులు. వీధి లేని పొలాల మీదుగా పోయే తొడుగు లేని 11 కేవీ తీగ కూడా 4.6 మీటర్లకు తగ్గకూడదు. ఇంటి గోడకు పక్కగా 11 కేవీ తీగ ఉంటే కనీసం 1.2 మీటర్లు, మిద్దె మీదుగా పోతే 3.7 మీటర్ల ఎడం ఉండాలి. 2010 నిబంధనల స్థానంలో 2023లో కొత్తవి వచ్చాయి. తీగకు, మనిషికి నడుమ కనీస దూరం ఉండి తీరాలన్న సూత్రం మాత్రం మారలేదు. వరిగడ్డి నింపిన ట్రాక్టరు, పత్తి బోరాలు పేర్చిన లారీ, టాపు మీద జనం కూర్చున్న బస్సు పోయే దారిలో ఈ దూరం ఒక్క అడుగు తగ్గినా అది ప్రాణాల మీదికొచ్చే అడుగు.

జనం తరచు అడిగే మాట ఇంకొకటుంది. తీగ తెగి నేల మీద పడగానే కరెంటు దానంతటదే ఎందుకు పోదు? ఇంట్లో షార్ట్ అయితే ఫ్యూజు టప్పున ఎగిరిపోతుంది కదా? సమాధానం నేలలోనే ఉంది. పొడి మట్టి, ఇసుక, కంకర, తారు రోడ్డు కరెంటును సరిగా లాగవు. తెగిపడిన తీగ నుంచి భూమిలోకి పోయే కరెంటు కొన్నిసార్లు ఒక మోటారు వాడే దానికన్నా తక్కువ. సబ్‌స్టేషన్‌లోని రక్షణ పరికరం దాన్ని ఎవరో మోటారు వేసుకున్నారనే అనుకుంటుంది. లైను ఆగదు, తీగ ‘జీవం’తోనే పడి ఉంటుంది. ఇలాంటి చిన్న లీకేజీని కూడా పట్టే ఎర్త్ ఫాల్ట్ రిలేలు ఉన్నాయి. అవి ఉన్నచోట కూడా సెట్టింగు సరిగా లేకపోయినా, బ్రేకరు మొరాయించినా, పదేపదే ట్రిప్ అవుతోందని ఎవరైనా పక్కన పెట్టినా ఉపయోగం శూన్యం. రోడ్డు దాటే చోట తీగ కింద ఎర్త్ చేసిన గార్డు వైరు కట్టడం పాత పద్ధతే. పైతీగ తెగితే దాని మీద పడి లైను ట్రిప్ కావాలన్నది దాని ఉద్దేశం. ఎన్ని రోడ్ల మీద అవి సక్రమంగా ఉన్నాయో తలెత్తి చూస్తే ఎవరికైనా తెలుస్తుంది.

అలాగని ఇది ఎవరికీ చేతకాని బ్రహ్మవిద్య కాదు. జారిన చోట మధ్యలో ఒక స్తంభం పాతితే చాలు. ఒరిగిన స్తంభానికి స్టే కట్టాలి. గాలికి తీగలు ఒకదానికొకటి తగలకుండా స్పేసర్లు పెట్టాలి. అతుకులు ఎక్కువైన తీగను తీసేసి కొత్తది లాగాలి. బడుల ముందు, సంత వీధుల్లో, ఇరుకు సందుల్లో తొడుగున్న కేబుల్ వేయాలి. వానలు పడకముందు ప్రతి ఫీడరు వెంట నడిచి చూసి, చెట్టుకొమ్మలు కొట్టాలి. వీటిలో ఏదీ కొత్తది కాదు, ప్రతి విద్యుత్ సంస్థ పద్దులోనూ ఉన్న పనే. కొత్త కనెక్షను ఇస్తే బిల్లు వస్తుంది, స్తంభం నిలబెడితే బిల్లు రాదు. అందుకే అది ఎప్పుడూ వెనకబడుతుంది.

ఇక్కడ లైన్‌మన్‌ను తిట్టి ఊరుకోవడం సులువు, న్యాయం కాదు. ఒక్కరు చూడాల్సిన ఊళ్ళు ఎక్కువ, చేతికిచ్చే సామాను తక్కువ. గాలివాన రాత్రి స్తంభం ఎక్కేది అతనే, లైను క్లియర్ తీసుకున్నాక కూడా ఎవరో జనరేటరు వేస్తే వెనక నుంచి వచ్చే కరెంటుకు బలయ్యేదీ అతనే. చాలాచోట్ల ఆ పని చేస్తున్నది గ్లోవ్స్, ఎర్త్ రాడ్డు కూడా సరిగా లేని కాంట్రాక్టు కుర్రవాడు. లైను మీద పనిచేసేవాడి ప్రాణానికి విలువ ఇవ్వని వ్యవస్థ లైను కింద నడిచేవాడి ప్రాణానికి ఇస్తుందా?

జనం వైపు తప్పులు లేవని కాదు. లైను కిందే మిద్దె మీద మిద్దె లేపుతారు. తీగల దగ్గర కట్టడం మొదలుపెట్టే ముందు విద్యుత్ సంస్థకు తెలపాలన్న నిబంధనను పట్టించుకునేవారు తక్కువ. బోరు మోటారు పైకి లాగేటప్పుడు ఇరవై అడుగుల ఇనుప పైపును నిలువుగా లేపుతారు. పొలంలో తీగ ఉండాల్సిన కనీస ఎత్తు పదిహేను అడుగులు. అంటే తీగ సరైన ఎత్తులో ఉన్నా ఆ పైపు తగులుతుంది. శ్రీనివాసపురం మామిడి తోటల్లోనైనా, యానాం కొబ్బరి తోపుల్లోనైనా ఇనుప దోటి, అల్యూమినియం నిచ్చెన యముడి చేతి పాశాలే. వినాయకుడి బొమ్మ పోటీపడి పెంచి, దారిలో తీగలను కర్రతో పైకెత్తే కుర్రకారును పెద్దలు ఆపాలి. అడవిపందుల కోసం పొలం చుట్టూ కరెంటు పెట్టేవాళ్ళు, లైను మీద కొక్కేలు వేసేవాళ్ళు పక్క రైతును చంపుతున్నామని గుర్తించాలి. జాతర, రథోత్సవం, ఠాకురాణీ యాత్ర, ఏదైనా సరే, దారి పొడవునా తీగల ఎత్తు కొలిచి, ఊరేగింపు దాటేదాకా ఆ లైను ఆపించే బాధ్యతను ఉత్సవ కమిటీ రాతపూర్వకంగా తీసుకోవాలి.

తీగ తెగిపడితే ఏం చేయాలో ఇంట్లో పిల్లలకు కూడా చెప్పి ఉంచాలి. దగ్గరకు పోకూడదు, కర్రతో కూడా జరపబోకూడదు. కరెంటు పోయింది కదా అని ముట్టుకోకూడదు, సబ్‌స్టేషన్‌లో మళ్ళీ లైను వేసే అవకాశం ఉంటుంది. దగ్గరలోనే చిక్కుకుంటే పెద్ద అంగలు వేయకుండా, పాదాలు రెండూ ఆనించి నేలను రాస్తూ మెల్లగా దూరం జరగాలి. వాహనం మీద పడితే లోపలే ఉండి, కరెంటు ఆపారని తేలాకే దిగాలి. మంట లేస్తే మాత్రం బండిని, నేలను ఒకేసారి తాకకుండా రెండు కాళ్ళూ కలిపి దూరంగా దూకాలి. పడినవాళ్ళను కాపాడబోయి వెంట వెళ్ళినవాళ్ళు పోయిన ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. ముందు చేయాల్సింది ఫోను. కర్ణాటక, ఒడిశా, మహారాష్ట్రల్లో 1912 నంబరు పనిచేస్తుంది. తమిళనాట ‘మిన్నగం’ కేంద్రం నంబరు 94987 94987.

జాగ్రత్త చెప్పడంతో విద్యుత్ సంస్థల బాధ్యత తీరదు. సుప్రీంకోర్టు 2002 జనవరిలో మధ్యప్రదేశ్ విద్యుత్ బోర్డు కేసులో ఇచ్చిన తీర్పు దీనికి గీటురాయి. వాన రాత్రి సైకిలు మీద ఇంటికి పోతున్న కార్మికుడు నీటిలో మునిగి ఉన్న తీగకు బలయ్యాడు. ఎవరో దొంగకరెంటు కోసం తీగ లాగారు, తమ తప్పు లేదని బోర్డు వాదించింది. ప్రమాదకరమైన వస్తువును నడిపే సంస్థ, నిర్లక్ష్యం ఉన్నా లేకపోయినా దానివల్ల కలిగిన నష్టానికి జవాబుదారీ అవుతుందని కోర్టు తేల్చింది. విద్యుత్ చట్టం 2003లోని 161వ సెక్షన్ ప్రకారం కరెంటు వల్ల మనిషి చనిపోయినా, గాయపడినా, పశువు చనిపోయినా ఆ సంగతి ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరుకు తెలపాలి. ఆ విచారణ నివేదికే పరిహారానికి ప్రాణం. కాడెద్దు చనిపోతే ‘ఏం చేస్తాంలే’ అని పాతిపెట్టే రైతుకు ఈ ముక్క ఎవరు చెప్పారు?

సరిహద్దు ఊళ్ళ బాధ ఇక్కడే రెట్టింపవుతుంది. బాగేపల్లి, పావగడ, ముళబాగిలు రైతుకు బిల్లు కన్నడంలో వస్తుంది. హోసూరు, తిరుత్తణి తెలుగువారికి తమిళంలో, పర్లాకిమిడి, గుణుపురం వారికి ఒడియాలో, సిరోంచ, దెగ్లూరు వారికి మరాఠీలో. బిల్లు అంకెలైతే ఎలాగో చదువుకుంటారు. తీగ జారిందని అర్జీ రాయాల్సి వచ్చేసరికి నోరు ఆగిపోతుంది. ‘లైన్‌మన్ అన్నకు చెప్పినాంలే, వస్తానన్నాడు’ అనడంతో సరిపెట్టుకుంటారు. రేపు ఏదైనా జరిగితే ఆ మాటకు సాక్ష్యం లేదు. ‘ఎవరూ ఫిర్యాదు చేయలేదే’ అన్న ఒక్క జవాబుతో ఆఫీసు చేతులు దులుపుకుంటుంది. పక్క రాష్ట్రం నుంచి మిరప, పత్తి కోతలకు వచ్చిన కూలీల గతి ఇంకా ఘోరం. చనిపోయింది ఒక రాష్ట్రంలో, రేషన్ కార్డు ఇంకో రాష్ట్రంలో. పంచనామా, పోస్టుమార్టం కాగితాల కోసం ఆ ఇంటివాళ్ళు తమకు రాని భాషలో ఆఫీసుల గడపలు ఎక్కి దిగాలి.

చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. రాజ్యాంగంలోని 350వ అధికరణం ప్రకారం తన కష్టం తీర్చమని ప్రభుత్వ అధికారికి ఇచ్చే అర్జీని ఆ రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ఇవ్వవచ్చు. కోలారులోనూ, కృష్ణగిరిలోనూ, గంజాంలోనూ, గడ్చిరోలిలోనూ తెలుగు వాడుకలో లేదని ఎవరు అనగలరు? యానాంలోనైతే అధికార వ్యవహారాల్లో తెలుగు వాడుకకు చట్టమే చోటిచ్చింది. సమాచార హక్కు దరఖాస్తు సంగతి వేరు, అది ఇంగ్లీషు, హిందీ లేదా ఆ ప్రాంతపు అధికార భాషలో ఉండాలి. మామూలు అర్జీకి ఆ అడ్డు లేదు. తెలుగులో రాసి, పక్కనే స్థానిక భాషలో నాలుగు ముక్కలు ఊరి చదువుకున్న కుర్రవాడితో రాయిస్తే ఇంకా మంచిది. స్తంభం మీద రాసి ఉన్న నంబరు, ఫీడరు పేరు, పొలం సర్వే నంబరు, సెల్‌ఫోనుతో తీసిన ఫోటో, తేదీ ఉండాలి. ఇచ్చిన ప్రతి కాగితానికీ రసీదు తీసుకోవాలి. పని కాకపోతే ప్రతి విద్యుత్ సంస్థకూ వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక, దానిపైన అంబుడ్స్‌మన్ ఉండాలని 2003 చట్టమే చెబుతోంది.

ఇది ఒంటరి రైతు చేయగల పని కాదు. గ్రామ పంచాయతీలు, తెలుగు సంఘాలు ఉగాది పంచాంగ శ్రవణం, సన్మాన సభలతో పాటు దీన్ని కూడా భుజానికెత్తుకోవాలి. ఏటా వేసవి మొదట్లో ఊరివాళ్ళు పది మంది ఒక పూట తీగల వెంట నడిస్తే చాలు, ప్రమాదం ఉన్న స్తంభాల జాబితా తయారవుతుంది. గ్రామసభలో తీర్మానం చేసి సెక్షన్ ఆఫీసుకు పంపితే అది ఇక నోటిమాట కాదు, రికార్డు.

ప్రభుత్వాలు చేయాల్సింది ఇంతకన్నా పెద్దది. వచ్చిన ప్రతి ఫిర్యాదుకూ నంబరు, గడువు, బాధ్యుడి పేరు ఉండాలి. ఆ జాబితాను సబ్‌స్టేషన్ గోడ మీద, సరిహద్దు తాలూకాల్లో తెలుగులో కూడా అంటించాలి. రోడ్డు ఎత్తు పెంచే ముందు విద్యుత్ శాఖ సంతకం తప్పనిసరి చేయాలి. దుర్ఘటన జరిగిన చోట ఇన్‌స్పెక్టరు నివేదికను బాధిత కుటుంబానికి అడగకుండానే ఇవ్వాలి. సస్పెన్షన్లు వార్త అవుతాయి, ఈ పనులు కావు. కానీ ప్రాణాలు నిలిపేవి ఇవే.

దేశంలో కరెంటు షాక్‌తో, ఇళ్ళలో, పొలాల్లో, వీధుల్లో అన్నీ కలిపి, ఏటా పన్నెండు వేలమందికి పైగా చనిపోతున్నారని నేర రికార్డుల బ్యూరో లెక్కలు కొన్నేళ్ళుగా చెబుతున్నాయి. ఆ అంకెలో ఒకటి చేరినప్పుడు అది పత్రికలో నాలుగు లైన్ల వార్త. చేరకుండా ఆగితే వార్తే కాదు. ఊరి బయట ఆ వదులు తీగ ఇవాళ కూడా వేలాడుతూనే ఉంది. అది తెగిన మర్నాడు కలెక్టరు వస్తాడు, మంత్రి వస్తాడు. తెగకముందు రావలసింది ఒక నిచ్చెన, ఇద్దరు లైన్‌మన్లు, ఒక స్తంభం. వాళ్ళను రప్పించే కాగితం ఈ వారమే ఊళ్ళోంచి బయలుదేరాలి.